మెదడులోని వార్తాహరులను కొలుచుట

(యానాములో, పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ ఉత్సవమున శాస్త్రవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని మన సంఘమువారు కోరినప్పుడు, ఏ విషయమును ఎన్నుకొనవలయునా యని మేము కొంత తడవు ఆలోచించితిమి. ఆ ఆలోచనకు ఒక తల్లి దారి చూపెను. ఆమె కుమార్తె పెద్ద తరగతిలో జీవశాస్త్రము చదువుచున్నది. పరిశోధనాలయములలో ఎలుక మెదడును తీసి అందలి పదార్థములను కొలుతురనియు, తాను పెద్దదియై ఆ పనియే నేర్చుకొందుననియు ఆ బాలిక ఇంట చెప్పినదట. ఆ తల్లి మాతో, "అయ్యా, ముగ్గు పెట్టునప్పుడు చీమలకు నూక దక్కవలెనని వరిపిండితో పెట్టు ఇల్లు మాది. ప్రాణిని చంపి కొలిచెడి చదువు ఏమి చదువండీ? దానివలన ఎవరికేమి ఉపకారము?" అని అడిగెను.

ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. ఉపకారమేమో తెలుపకయే "అది శాస్త్రము, నీకు తెలియదు" అనుట పెద్దరికము కాదు. కావున నేటి మా ప్రసంగమంతయు ఆ తల్లికి మేము ఈయగల సమాధానముగా భావింపుడు.

అరుగుపై కూర్చున్న వృద్ధుని చేయి, పనియేమియు లేకున్నను, జపమాల త్రిప్పుచున్నట్లు వణకుచుండుట మీలో పలువురు చూచియుందురు. కాఫీ గ్లాసు నోటికి చేరులోపల సగము తొలకిపోవును. లేచి నడువబోయిన అడుగు సాగదు. ముఖమున నవ్వు కూడ నెమ్మదిగా తగ్గిపోవును. వణకెడి చేతులన్నియు ఈ వ్యాధికి గుర్తులు కావు. కాని ఈ లక్షణములన్నియు కూడి వచ్చు వ్యాధి యొకటి కలదు. మన ఆయుర్వేదము కంపవాతమను పేర చెప్పు రుగ్మత దీనిని పోలియుండును. 1817వ సంవత్సరమున లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సను దీనిని వర్ణించి గ్రంథము వ్రాసెను. ఆయన పేరనే లోకమున ఈ వ్యాధి ప్రసిద్ధమైనది. వర్ణన దొరికినది గాని కారణము దొరకలేదు. మెదడులో ఏమి తక్కువైనదో తెలియుటకు మరి నూటనలువది సంవత్సరములకు పైగా పట్టెను. ఆ తక్కువను కనుగొన్నది ఒక కొలత. అది ఎట్లు జరిగినదో చెప్పుదుము.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని నేటి అంచనా. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ, కంటికి కానరాని సన్నని సందు ఉండును. ఆ సందును దాటి వార్త యెట్లు పోవును? 1921వ సంవత్సరమున ఆస్ట్రియా దేశమందలి గ్రాజ్ నగరమున ఆటో లోవీ అను శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలను తీసికొని, ఉప్పు ద్రవములో అవి కొట్టుకొనుచుండునట్లు చేసెను. మొదటి గుండెకు వచ్చు నాడిని విద్యుత్తుతో ప్రేరేపింపగా ఆ గుండె నెమ్మదించెను. పిదప ఆ గుండెలోని ద్రవమును తీసి రెండవదానికి చేర్చెను. ఏ నాడియు తాకని ఆ రెండవ గుండెయు నెమ్మదించెను! నాడి తన ఆజ్ఞను ఒక రసాయన పదార్థముతో పంపుచున్నదని దీనివలన తేలెను. ఇట్టి పదార్థములనే ఆంగ్లమున న్యూరోట్రాన్స్‌మిటరులందురు. మనము వార్తాహరులని పిలుచుకొందము. అసిటైల్‌కోలీను, నారడ్రినలీను, సెరొటోనిను, డోపమీను అనునవి వానిలో కొన్ని.

వార్తాహరులున్నారని తెలిసిన చాలదు. ఎందరున్నారో లెక్క కావలెను. సజీవమైన శరీరమునుండి తీసిన పదార్థమును కొలుచుటలోని కష్టమెట్టిదో చెప్పుటకు ముందుగా కండరమును గూర్చిన ఒక కథ చెప్పవలయును. ఏలయన అది మన గోదావరి సీమవాని కథ.

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పి, మూడవ పర్యాయము మదరాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. పరీక్ష తప్పిన పిల్లవానిని చూచి నిరాశ చెందు తండ్రులు ఈ మాటను గుర్తుంచుకొనవలయును. వారు మదరాసున వైద్యవిద్య ముగించిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి వారి వాగ్దానమును, మామగారి సహాయమును ఊతగా గొని అమెరికా వెళ్లి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కు అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి. శరీరద్రవములలోను కణజాలములోను భాస్వరమెంత యున్నదో నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని ఆ యిరువురును 1925వ సంవత్సరమున ప్రకటించిరి. ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను ఆ పేరు నేటికిని జీవరసాయన గ్రంథములలో నిలిచియున్నది.

ఆ పద్ధతితో కండరపు రసమును పరీక్షించునప్పుడు ఒక వింత కనబడెను. రంగు వెంటనే తేలవలసినది. ఆలస్యముగా, కొంచెము కొంచెముగా చిక్కబడుచుండెను. ఇతరులైనచో మందులో లోపమని త్రోసివేయుదురు. వారట్లు చేయలేదు. ఆ ఆలస్యమునకు హేతువు వెదకగా, కండరములో భాస్వరము వేరొక పదార్థముతో కూడి యున్నదనియు, ఆమ్లము తగిలిన ఆ కూడిక విడిపోవుచున్నదనియు, ఆ విడిపోవుటయే రంగు ఆలస్యమగుటకు కారణమనియు తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిను, 1927వ సంవత్సరమున ప్రకటింపబడెను. అంతకుముందు కొలిచినవారు దానిని చూడలేకపోయిరి. వారు కొలుచులోపలనే అది విరిగిపోవుచుండెను. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. ప్రాణము పోయిన పిమ్మట కణజాలము నిలువయుండదు. మనము చూచులోపలనే మారిపోవును. మెదడు విషయమున ఈ చిక్కు మరియు తీవ్రము.

ఇక కంపవాతమునకు వత్తము. ఆ కథ మన దేశపు మూలికతో ఆరంభమగును. సర్పగంధి వేరును మతిభ్రమకును నిద్రలేమికిని మన వైద్యులు చిరకాలమునుండి వాడుచుండిరి. 1931వ సంవత్సరమున కలకత్తా వైద్యులు గణనాథ సేనుగారును కార్తికచంద్ర బోసుగారును ఆ వేరు ఉన్మాదమును, రక్తపుపోటును తగ్గించునని వ్రాసిరి. 1952వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమున ఆ వేరునుండి రిసర్పిను అను సారమును వేరుచేసిరి. ఆ మందును మోతాదు మించి ఇచ్చిన జంతువులు కదలమెదలక బిగుసుకొని యుండెడివి. ఏలనో తెలియదు.

స్వీడను దేశమున ఆర్విడ్ కార్ల్‌సను అను శాస్త్రజ్ఞుడు కుందేళ్లకును చిట్టెలుకలకును రిసర్పిను ఇచ్చెను. కుందేళ్లు చెవులు వ్రేలవేసి పడియుండెను. రిసర్పిను మెదడులోని నారడ్రినలీనును ఖాళీచేయునని అప్పటికే తెలిసియుండెను. దానిని తిరిగి నింపవలెనని, శరీరములో ఏ ముడిపదార్థమునుండి అది తయారగునో ఆ డోపాను ఎక్కించెను. కుందేళ్లు చెవులు నిక్కించి లేచినవి! ఇంతటితో తృప్తిపడినచో, నారడ్రినలీను నిండినది, జబ్బు కుదిరినది అని వ్రాసికొని యూరకుండవచ్చును. ఆయన ఊరకుండక మెదడును కొలిచెను. నారడ్రినలీను ఏమాత్రము తిరిగి రాలేదు! అట్లయిన కుందేలును లేపినదెవరు? డోపాకును నారడ్రినలీనుకును నడుమనున్న మెట్టు డోపమీను. అది కేవలము ముడిసరుకని అందరును తలచుచుండిరి. ఆయనయు ఆయన సహచరులును దానిని కొలుచు మార్గము కల్పించి చూడగా, మెదడున అది యుండుటయు, రిసర్పినువలన అదృశ్యమగుటయు, డోపాతో తిరిగి వచ్చుటయు కనబడెను. ఇది 1957, 1958 సంవత్సరములనాటి మాట. 1960వ సంవత్సరమున వియన్నా నగరమున ఎరింగరు, హోర్నికీవిక్సు అనువారు పార్కిన్సను వ్యాధితో మరణించినవారి మెదళ్లను పరీక్షించి, చలనమును నడపు స్ట్రయేటము అను భాగమున డోపమీను మిక్కిలి తరిగిపోయినదని తెలిపిరి. వృద్ధుని చేతి వణకునకు కారణము ఒక అంకెగా కాగితముపై నిలిచెను. కార్ల్‌సనుగారికి 2000వ సంవత్సరమున నోబెలు బహుమానము లభించెను.

డోపమీనును నేరుగా ఇచ్చిన అది రక్తమునుండి మెదడులోనికి చొరబడలేదు, డోపా చొరబడగలదు. కావున నేటికిని ఈ వ్యాధికి ముఖ్యమైన ఔషధము ఎల్‌-డోపాయే. ఇందు మనకు సంతోషము గొలుపు విశేషమొకటి కలదు. చేలగట్లపై ప్రాకు దూలగొండి కాయను ముట్టి, ఒళ్లంత దురదతో ఏడ్చిన పిల్లలు మన ఊళ్లలో ఉందురు. సంస్కృతమున దానిని కపికచ్ఛువందురు. ఆ గింజలలో ఎల్‌-డోపా కలదని 1937వ సంవత్సరమున దామోదరను, రామస్వామి అను మదరాసు రసాయనజ్ఞులు వేరుచేసి చూపిరి. దాని ఉపయోగము అప్పటికింకను ఎవరికిని తెలియదు! అయితే ఒక హెచ్చరిక. గింజ గింజకును మందు పాలు మారును. వైద్యునడుగక గింజలు దంచి పెద్దలకు పెట్టవలదు. కొలత తెలియనంతవరకు అది గింజయే. తెలిసిన పిదపనే మందు.

ఈ కొలతను నేడు ఎట్లు చేయుచున్నారో చెప్పుదుము. ఎలుక మెదడు మొత్తము సుమారు 2 గ్రాములు తూగును. దానిని త్వరగా తీసి, మంచుపైన ఉంచి, కావలసిన భాగమును వేరుచేయుదురు. మంచు ఏలయని తల్లులకు చెప్పనక్కరలేదు. గోదావరి చేపను మంచుముక్కల నడుమ పెట్టి తెచ్చుట ఎందులకో ఇదియు అందులకే. చల్లదనము లేనిచో మెదడులోని కిణ్వములు వార్తాహరులను నిమిషములలో తినివేయును. ఆ ముక్కను తూచి, చల్లని పెర్‌క్లోరికామ్లములో మెదిపెదరు. ఆమ్లమువలన మాంసకృత్తులు పెరుగువలె విరిగి, గిఱ్ఱున త్రిప్పు యంత్రములో అడుగున చేరును. పైన తేరిన నీటిలో మనకు కావలసినవారందరును కలిసియుందురు. వారిని విడదీయుట యెట్లు?

ఈ విడదీయు విద్యకు క్రొమటోగ్రఫీయని పేరు, తెలుగున వర్ణలేఖనమందురు. రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెట్ 1900ల తొలి సంవత్సరములలో ఆకుపసరును సుద్దపొడి నింపిన గాజుగొట్టమున పోసి, పైనుండి ద్రవము విడువగా, పచ్చన, పసుపు పట్టీలు వేరువేరుగా దిగినవి. అందుచేత ఆ పేరు వచ్చెను. పిమ్మట మార్టిను, సింజు అను ఆంగ్లేయులు 1941వ సంవత్సరమున దీనికి క్రొత్త రూపమిచ్చి, 1952లో నోబెలు బహుమానము పొందిరి.

దీని మర్మము సులభము. మన రేవున ఒకే పడవ దిగిన నలుగురు ఒకే వీథిని పట్టి ఒకేసారి బయలుదేరిరనుకొనుడు. వీథినిండ చుట్టములున్నవాడు ప్రతి అరుగువద్దను నిలిచి కుశలమడుగును. ఎవరినీ ఎరుగనివాడు తిన్నగా సాగిపోవును. వీథి చివర గడియారముతో నిలిచినవాడు, వచ్చిన వేళను బట్టియే ఇతడు ఫలానావాడని చెప్పగలడు. నేటి యంత్రమున ఆ వీథి ఒక ఉక్కు గొట్టము. పొడవు 15 నుండి 25 సెంటీమీటర్లు. లోపలి వెడల్పు సుమారు 4.6 మిల్లీమీటర్లు. దానినిండ మిల్లీమీటరులో 200వ వంతంతటి సన్నని సిలికా రేణువులు కూరియుండును. ఆ రేణువులకు జిడ్డు పూతవంటి పొర కలదు. దానిని ఇష్టపడు పదార్థము ఆగి ఆగి పోవును. ఇంత బిగువైన దారిలో ద్రవము తనంత నడువదు గనుక, బలమైన పంపు నిమిషమునకు ఒక మిల్లీలీటరు చొప్పున దానిని త్రోయుచుండును.

వీథి చివర కావలివాడెవడు? డోపమీనునకు రంగు లేదు, కంటికి కనబడదు. కాని దానికి ఎలక్ట్రానులను సులభముగా విడుచు స్వభావము కలదు. 1973వ సంవత్సరమున అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ ఆడమ్సుగారి బృందము ఆ స్వభావమునే ఉపయోగించుకొనెను. గొట్టము చివర ఒక కర్బనపు విద్యుద్ధ్రువమును పెట్టి, కొద్దిపాటి వోల్టేజి నిలిపి, డోపమీను తాకినంతనే పుట్టు అతిస్వల్ప విద్యుత్తును కొలిచిరి. ఆ విద్యుత్తు తెరపై ఒక శిఖరముగా లేచి పడును. శిఖరము లేచిన వేళ పేరు చెప్పును. దాని పరిమాణము ఎంతయో చెప్పును. అన్ని వార్తాహరులు ఈ కావలివానికి చిక్కవు. గ్లూటమేటు, గాబా అనువానికి ముందుగా వేరొక రసాయనమును తగిలించి, అటుపిమ్మట చూడవలయును.

లెక్క ఒకటి చేసి చూపుదుము. పిల్లలు ఇంట సరిచూచుకొనవచ్చును. ఎలుక మెదడులోని స్ట్రయేటమున డోపమీను గ్రాముకు సుమారు 10 మైక్రోగ్రాములు, అనగా లక్ష వంతులలో ఒక వంతు. 50 మిల్లీగ్రాముల ముక్కలో అది 500 నానోగ్రాములు. దానిని ఒక మిల్లీలీటరు ఆమ్లములో తీసి, అందు 50వ వంతును, అనగా 20 మైక్రోలీటర్లను, యంత్రములో ఎక్కించిన, కావలివాని ముందుకు వచ్చునది 10 నానోగ్రాములు. ఒక నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. అంత స్వల్పమును యంత్రము చూడగలదు. కాని చూచినదంతయు నమ్మరాదు. కావున పరిశోధకుడు మొదట, తానెరిగిన తూకముగల శుద్ధ డోపమీనును పంపి శిఖరమెంత లేచునో చూచుకొనును. మరియు ఎలుక మెదడులో లేని, డోపమీనునకు తోబుట్టువువంటి మరియొక పదార్థమును లెక్కించి ముక్కలో ముందే కలుపును. తుదకు అది సగమే తేలినచో, దారిలో డోపమీనును కూడ అంత నష్టమైనదని గ్రహించి సవరించుకొనును.

ఇంత చేసినను ఆ అంకె చెప్పలేని విషయములు కలవు. ముక్కలో నిలువయున్నదెంతయో చెప్పును గాని, ప్రాణి బ్రతికియున్నప్పుడు సందులోనికి వదలినదెంతయో చెప్పదు. ధాన్యపు కొట్టును తూచిన మాత్రమున ఆ ఇంట నేడు ఎందరు భుజించిరో తెలియునా? అందులకు బ్రతికియున్న జంతువు మెదడున సన్నని గొట్టమునుంచి ద్రవము సేకరించు పద్ధతియు వచ్చినది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు సూటిగా వత్తము. ఉపకారమున్నది, అది మన అరుగులమీదనే కనబడుచున్నది. మందు వేసికొని తన గ్లాసు తాను పట్టుకొను వృద్ధునకు ఆ కుందేళ్ల ఋణమున్నది. మందు వ్యాధిని నిర్మూలింపదు. సంవత్సరములు గడచిన కొలది దాని పట్టు సడలును, ఇతర బాధలును పుట్టవచ్చును. అందుచేతనే పరిశోధన ఇంకను సాగుచున్నది.

అయినను ఉపకారమున్నదన్నంత మాత్రమున హింస హింస కాకపోదు. ఈ సంగతిని శాస్త్రజ్ఞులే గుర్తించిరి. 1959వ సంవత్సరమున రస్సెలు, బర్చి అను ఆంగ్లేయులు మూడు నియమములు చెప్పిరి: జంతువు లేక పని జరుగునేమో మొదట చూడుము, తప్పనిచో సంఖ్య తగ్గింపుము, బాధ తగ్గింపుము. మన దేశమున 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ఇట్టి ప్రయోగములను పర్యవేక్షించుటకు సంఘమును ఏర్పరచు అధికారమిచ్చినది. నేడు అనుమతి లేక, లెక్క చెప్పక, పరిశోధనాలయమున ఇట్టి జంతువును తాకరాదు.

వీనికి మేమొక మాట చేర్చుదుము. మంచు వేయుట మరచినచో, ముక్కను సరిగా తూచనిచో, తనకు నచ్చని అంకెను కొట్టివేసినచో, ఆ ప్రాణము వ్యర్థముగా పోయినట్లే. అజాగ్రత్తగా చేసిన కొలత కేవలము తప్పు కాదు, అదియు హింసయే. రంగు ఆలస్యమైనదని సుబ్బారావుగారు విసుగుకొనలేదు. నారడ్రినలీను రాలేదని కార్ల్‌సనుగారు దాచలేదు. ఆ నిజాయితీ లేకున్న ఆ పిల్లి కండరములకును ఈ కుందేలు మెదళ్లకును అర్థమే లేకుండెడిది.

కావున, అమ్మా, మీ కుమార్తెను ఆ చదువు మాన్పింపవలదు. మీ ప్రశ్నను కూడ మానవలదు. ఆమె ఏ నగరమునకు పోయి చదివినను, మీరు మమ్మడిగిన ఆ మాట ఆమె వెంట పోవలయును. చీమకు నూక వేయు ఇంటి పిల్ల ఎలుకను చేతికి తీసికొనునప్పుడు, రెండవ ఎలుక అవసరమా యని తప్పక ఆలోచించును. అట్టివారే ఆ గదిలో ఉండదగినవారు.

తలిదండ్రులందరకును మా మనవి యొకటి. ఈ కేంద్రపాలిత ప్రాంతమున తెలుగు మాటలాడువారము కొలదిమందిమి. పెద్ద చదువులు ఆంగ్లమున నుండుటచేత, శాస్త్రము మన ఇంటి భాషకు అందనిదని కొందరు తలంతురు. నేడు మేము చెప్పినది మీలో ఎవరికైన తెలియకున్న తప్పు మాదే గాని భాషది కాదు. పిల్లలు బడినుండి వచ్చినప్పుడు మార్కులెన్నియని అడుగుటకు ముందు, "ఏమి చూచితివి? అది నిజమని నీకెట్లు తెలిసెను?" అని తెలుగులోనే అడుగుడు. ఇంట త్రాసు ఉన్నచో తూచనిండు. తూచినది తూచినట్లు వ్రాయనిండు. లెక్క కుదరక బెదరి వచ్చినప్పుడు, కుదిరినట్లు దిద్దుమని చెప్పవలదు. మరల తూచుమని చెప్పుడు.